మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా పడవ బ్యాటరీ దిగిపోతోందా?

ప్రశ్న: పడవ కట్టేసి వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తాను. మూడు వారాల తర్వాత వస్తే ఇంజన్ స్టార్ట్ కాదు. కొత్త బ్యాటరీ వేసినా అంతే. లోపం ఎక్కడ?

జవాబు: ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. రాసినవాళ్లలో చాలామంది ముందు బ్యాటరీ మార్చేసి, ఆ తర్వాత అడుగుతున్నారు. కుండకు చిల్లుంటే నీళ్లు మార్చి ఏం లాభం? స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఏదో ఒక పరికరం 150 మిల్లీ ఆంపియర్ల కరెంటు లాగుతోందనుకోండి, వినడానికి చిన్న అంకె. రోజుకు 3.6 ఆంపియర్ అవర్ల చొప్పున మూడు వారాల్లో 75 దాటుతుంది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇంకేం మిగులుతుంది?

ఆ కరెంటు ఎక్కడ పోతోందో మీటర్‌తో పట్టుకోవాలి. పెట్రోల్ ఇంజనైతే ముందు ఇంజన్ మూత తెరిచి గాలి బాగా ఆడనివ్వండి. వైరు ఊడదీసేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు, లోపల పెట్రోల్ ఆవిరి ఉంటే అంటుకుంటుంది. ఛార్జర్, సోలార్ ప్యానెల్ కనెక్షన్లు తీసేయండి, లేకపోతే రీడింగ్ తప్పుగా వస్తుంది. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి, నెగటివ్ కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య కలపండి. మీటర్ అలా ఉండగా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. పావుగంట ఆగండి, కొన్ని పరికరాలు నిద్రలోకి జారడానికి ఆ మాత్రం పడుతుంది. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి.

ఏ ఫ్యూజు తీసినా అంకె కదల్లేదంటే, మెయిన్ స్విచ్‌తో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వచ్చే వైర్లను చూడాలి. బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీళ్లు తోడేది), గ్యాస్ అలారం, స్టీరియో మెమరీ, ట్రాకర్ (పడవ ఎక్కడుందో ఫోన్‌కు చెప్పేది) ఇలాంటివే. నీళ్లు పెరిగితే ఆ పంపును ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ వైరు జాయింటును చేత్తో పట్టి చూడండి. టేపు విప్పితే లోపల పచ్చగా చిలుము పట్టి, తడిగా ఉంటే కరెంటు అక్కడే కారిపోతుండొచ్చు. అలా కారే కరెంటు నీళ్లలో మునిగి ఉన్న పడవ లోహపు భాగాలను కూడా తినేస్తుంది. అంతేగానీ బ్యాటరీ మిగులుతుందని బిల్జ్ పంపు ఫ్యూజు మాత్రం తీసేయకండి. నీళ్లు చేరితే బయటకు తోడేది అదొక్కటే.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ట్రాకర్, దాని వెంట వచ్చే యాప్. ఇరవై నాలుగు గంటలూ నెట్‌వర్క్ వెతుక్కుంటూ కరెంటు తాగడం ఒక ఎత్తు. పెట్టెలో వచ్చిన పాస్‌వర్డ్‌నే అలాగే వదిలేయడం ఇంకో ఎత్తు. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడికి మీ పడవ ఎక్కడుందో, ఎన్నాళ్లుగా కదల్లేదో, అంటే అందులో మనిషి లేడని కూడా తెలిసిపోతుంది. యాప్ నుంచి పంపు, లైట్లు ఆన్-ఆఫ్ చేసే ఏర్పాటు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఎక్కడో కూర్చుని మీ పంపు ఆపేయొచ్చు. మొదటిసారి వాడేటప్పుడే పాస్‌వర్డ్ మార్చమని అడగకుండా ఇలాంటి పరికరం అమ్మడం బాధ్యతారాహిత్యం. అప్‌డేట్ వచ్చాక స్లీప్ సెట్టింగ్ మొదటికొచ్చే పరికరాలంటే కూడా నాకు మంట. నిన్నటిదాకా నిద్రపోయింది ఇవాళ్టి నుంచి మేలుకునే ఉంటుంది, ఆ సంగతి బ్యాటరీ చచ్చాక గానీ మీకు తెలియదు. కాబట్టి అప్‌డేట్ అయిన ప్రతిసారీ మీటర్ పెట్టి చూడండి.

మీ పడవ సెకండ్ హ్యాండ్‌దైతే ఈరోజే యాప్ తెరిచి యూజర్ల జాబితా చూడండి. పాత ఓనరు అకౌంటు ఇంకా అందులోనే ఉండొచ్చు.