రసీదు పుస్తకం ముందు అచ్చు వేయించమ్మా

అమ్మాయీ,

నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచీ అదే ఆలోచన. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో క్యాన్సర్ వైద్యానికి వచ్చే ఆడవాళ్ల కోసం మహిళా నాయకుల సభ పెట్టి డబ్బు పోగు చేస్తామన్నావు. చాలా సంతోషం. వైద్యం సర్కారు ఆరోగ్య కార్డు మీద జరిగినా తోడుగా వచ్చినవాళ్ల తిండి, బస్సు ఛార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? అందుకే డబ్బు దేనికో ఇప్పుడే ఒక్క వాక్యంలో రాసి పెట్టుకో. "రోగులకు సాయం" అంటే ఎవరి మనసుకూ పట్టదు. "మదనపల్లె, పలమనేరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లకూ తోడు మనిషికీ రానుపోను ఛార్జీలు" అంటే అడగకుండానే ఇస్తారు.

తేదీ గంగమ్మ జాతర వారంలో వద్దు. తిరుచానూరు పంచమి తీర్థం రోజుల్లో అసలే వద్దు. సాయంత్రం ఐదుకల్లా ముగించండి, ఊళ్లవాళ్లకు బస్సు అందాలి.

చాలా ఏళ్ల కిందట మేమూ ఇలాంటి సభే పెట్టాం. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు పోగా మిగిలింది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ రోజే పుత్తూరు నుంచి వచ్చిన ఒకామె కొంగు ముడి విప్పి, చెమటకు మెత్తబడిన ఇరవై నోట్లు రెండు, ఒక పది నా చేతిలో పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడింది. "రసీదు ఇవ్వండమ్మా, మా సంఘంలో చూపించాల" అంది. మా దగ్గర పుస్తకమే లేదు. పొదుపు సంఘంలో రూపాయికీ లెక్క రాసుకునే మనిషి ముందు చదువుకున్నవాళ్లం తలదించుకున్నాం.

కాబట్టి ముందు రసీదు పుస్తకం. డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, జనం లేవకముందే మొత్తం ఎంతో మైకులో చెప్పాలి. హాలు, టీ ఖర్చు చందాల్లోంచి తియ్యొద్దు, దానికి వేరే దాతను చూసుకో. క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే ఉండాలి, ఎవరి సొంత ఫోనుదీ కాదు. చందా మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జి అంటారు) కావాలనేవాళ్లుంటే మీ సంస్థకు ఆ అనుమతి ఉందో లేదో ముందే చూసుకో. ఉన్నా, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. పెద్ద మొత్తాలు చెక్కుగానో, ఆన్‌లైన్‌లోనో తీసుకో.

వేదిక మీద కుర్చీలు పదవులున్నవాళ్లకే వేయకు. 1990ల మొదట్లో మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మాన్పించడానికి ముందు నిలబడింది రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లే. అలాంటి సంఘం లీడర్లు మీ చుట్టుపక్కల ఎంతమంది లేరు! వాళ్లకు మైకు ఇవ్వు, పది నిమిషాలు మాట్లాడనివ్వు.

ఇంకొక్కటి. జుట్టు రాలిపోయిన తల్లిని ఎవరినీ వేదిక ఎక్కించి ఫొటోలు తీయించొద్దు. చందా కోసం ఆమె బాధను చూపించే హక్కు మనకు లేదు. వివరాలు డాక్టరమ్మ చెబుతుంది, చాలు.

ఆదివారం ఖర్చుల కాగితం తీసుకుని ఇంటికి రా. రసీదు పుస్తకం ప్రెస్సుకు ఇచ్చే ముందు నమూనా ఒకటి నాకు చూపించు.

నీ పెద్దమ్మ,
తిరుపతి