నూట యాభై మంది క్లాసులో ఎకనామిక్స్ ఎక్కడం లేదు, సబ్జెక్టు మార్చుకోవాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. ఇంటర్ సీఈసీ తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు హనుమకొండలో బీఏ మొదటి సంవత్సరం. ఎకనామిక్స్ ఉన్న గ్రూపులన్నిటినీ కలిపి ఒకే హాల్లో క్లాసు చెబుతారు, నూట యాభై మందిమి ఉంటాం. సార్ ఇంగ్లిషులో చెబుతూ, బోర్డు మీద గ్రాఫులు వేస్తూ వెళ్లిపోతారు. ఇంటర్‌లో ఎకనామిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడ మొదటి ఇంటర్నల్‌లో ఇరవైకి ఆరు. అందరికీ అర్థమవుతోంది, నాకే కావడం లేదేమోనని టెన్షన్‌గా ఉంది. నాన్న గ్రూప్-2 రాయాలంటున్నారు. ఎకనామిక్స్ వదిలేసి వేరే సబ్జెక్టు తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వదలొద్దు బిడ్డా. ఆరు మార్కులు చూసి తీసుకోవాల్సిన నిర్ణయం కాదిది. అందరికీ అర్థమవుతోందని నువ్వెలా అనుకున్నావు? ఎవరూ లేచి అడగడం లేదు కాబట్టి అనుకుని ఉంటావు. అంత పెద్ద హాల్లో లేచి అడగడానికి భయపడేది నువ్వొక్కదానివే కాదు. పెద్ద క్లాసుల్లో చదివే పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కువగా చెప్పే మాట ఇదే. పక్క బెంచీ అమ్మాయి కూడా నిన్ను చూసి నీకు అంతా వచ్చనుకుంటూ ఉండవచ్చు. రేపు ఆమెనే అడిగి చూడు.

ఇంటర్‌లో వచ్చిన మార్కులు ఇక్కడ ఎందుకు రాలేదో కూడా చెబుతాను. ఇంటర్‌లో నిర్వచనం, లక్షణాలు, పట్టిక, పటం వరుసగా రాస్తే మార్కులు పడతాయి. క్షీణోపాంత ప్రయోజన సూత్రం నీకు ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటుంది. డిగ్రీలో పాఠాల పేర్లు చాలావరకు అవే, అడిగే తీరు మాత్రం మారుతుంది. ‘ఫలానాది మారితే ధర ఏమవుతుంది, ఎందుకు?’ అని అడుగుతారు. కంఠతా పట్టిన జవాబు అక్కడ పనికిరాదు. నీ తెలివి ఎక్కడికీ పోలేదు, చదివే పద్ధతి మార్చుకోవాలి, అంతే.

మొదటి ఏడాది ఎకనామిక్స్ వందల మందికి ఒకేచోట చెప్పడం మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉంది. అమెరికాలోని హార్వర్డ్‌లో ‘ఎక్ టెన్’ అని పిలిచే తొలి ఎకనామిక్స్ కోర్సులో వందల మంది కూర్చుంటారు. అయితే అక్కడ పెద్ద హాలు పాఠంతో పని అయిపోదు. పిల్లల్ని చిన్న చిన్న సెక్షన్లుగా విడగొట్టి, వాళ్ల చేత లెక్కలు చేయిస్తారు, ప్రశ్నలు అడగనిస్తారు. అంత పెద్ద క్లాసు నడుస్తున్నది ఆ చిన్న సెక్షన్ల బలంతోనే అని నా నమ్మకం. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు పెద్ద హాలు ఉంది గానీ ఆ రెండో సగం లేదు. దాన్ని మీరే ఏర్పాటు చేసుకోవాలి. నలుగురైదుగురు చాలు. రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చిపోతున్నట్టయితే సాయంత్రం కుదరదు, మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట కూర్చోండి. ఒకరు సార్ వేసిన గ్రాఫును పుస్తకం చూడకుండా మళ్లీ వేయాలి, మిగతావాళ్లు ‘ఎందుకు’ అని అడగాలి. ఆ పని చేయకుండా ఊరికే నోట్స్ పంచుకుంటే లాభం లేదు.

మొదటి ఇంటర్నల్‌లో చాలామంది మార్కులు పోగొట్టుకునే చోటు ఒకటుంది. డిమాండ్ రేఖ మీద కదలిక వేరు, రేఖే జరగడం వేరు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ నీకు తెలిసే ఉంటుంది, మీ వైపు మిర్చి అక్కడికే వస్తుంది కదా. ఈ ఏడు తేజ రకం బాగా పండి బస్తాలు ఎక్కువగా వచ్చాయనుకో. సప్లయ్ రేఖ కుడివైపుకు జరుగుతుంది. జెండా పాటలో, అంటే మార్కెట్ యార్డు వేలంలో, ధర తగ్గుతుంది, తగ్గింది కాబట్టి వ్యాపారులు కాస్త ఎక్కువ కొంటారు. ఇక్కడ పరీక్షలో ‘డిమాండ్ పెరిగింది’ అని రాస్తే తప్పు. పెరిగింది డిమాండ్ పరిమాణం, డిమాండ్ రేఖ ఉన్నచోటే ఉంది. ఇంకో సందర్భం చూడు. పంట మామూలుగానే వచ్చింది, కానీ తేజ మిర్చికి చైనా నుంచి వచ్చే ఆర్డర్లు తగ్గాయి. ఇప్పుడు డిమాండ్ రేఖే ఎడమకు జరిగింది. రెండు సందర్భాల్లోనూ ధర పడింది. మొదటిదాంట్లో అమ్ముడైన సరుకు పెరిగింది, రెండోదాంట్లో తగ్గింది. ఈ రెండు పటాలూ నీ చేత్తో పక్కపక్కన వేసి చూడు. తర్వాత మూడోది నువ్వే వెయ్యి: ముందు ముందు రేటు వస్తుందని రైతులు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెడితే ఇవాళ్టి మార్కెట్లో ఏ రేఖ ఎటు జరుగుతుంది?

నిలువు గీత మీద ధర, అడ్డ గీత మీద పరిమాణం ఎందుకు వేస్తారని కూడా కొందరు తికమక పడతారు. ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి స్థిరపడిన అలవాటది. అలాగే వేసెయ్యి, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలత, కూడా ఇదే మిర్చితో చూద్దాం. లెక్క కోసం ఊహించిన అంకెలివి. క్వింటాలు 20,000 రూపాయల చొప్పున 100 క్వింటాళ్లు అమ్ముడైతే వచ్చేది 20 లక్షలు. పంట ఎక్కువై ధర 16,000కు పడింది, 105 క్వింటాళ్లు అమ్ముడయ్యాయి. వచ్చేది 16 లక్షల 80 వేలు. ధర 20 శాతం తగ్గితే కొనుగోలు 5 శాతమే పెరిగింది, అంటే వ్యాకోచత్వం 0.25. ఒకటి కంటే తక్కువ కాబట్టి సరుకు ఎక్కువ అమ్మినా రైతుల చేతికి వచ్చిన మొత్తం తగ్గింది. బాగా పండిన ఏడాదే రైతు ఎందుకు దిగులుగా ఇంటికి వస్తాడో మీ ఊళ్లో చూసే ఉంటావు. ఆ బాధకు కారణం చెప్పగలిగే సబ్జెక్టు నీ చేతిలో ఉంది. ఈ లెక్క అర్థమైన పిల్లలకు ఎకనామిక్స్ మీద ఇష్టం పుట్టడం నేను చూశాను. అందుకే నీకింత వివరంగా రాస్తున్నాను.

ఇంగ్లిషు సంగతికొస్తే, ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకం పారేయకు. రేపు క్లాసులో ఏ పాఠమో ఆ పాఠం ముందు రోజు రాత్రి తెలుగులో చదువుకొని వెళ్లు. కొత్త పదాలకు ఒక నోట్‌బుక్ పెట్టి రెండు భాషల్లోనూ రాసుకో. నెల తిరిగేసరికి సార్ మాటల వెంట వెళ్లగలుగుతావు.

సార్‌ను హాల్లో అడగలేకపోతే క్లాసయ్యాక అడుగు. ‘సార్, అర్థం కాలేదు’ అంటే నూట యాభై మందికి చెప్పే మనిషి ఎక్కడ మొదలుపెట్టాలి? నువ్వు వేసిన పటం చూపించి ‘ఇక్కడి దాకా వచ్చాను, ఈ రేఖ ఎందుకు జరగలేదు?’ అని అడుగు, రెండు నిమిషాల్లో పని అవుతుంది. ఇంటర్నల్ జవాబు పత్రం కూడా ఒకసారి చూపించమని అడుగు. మార్కులు పోయింది పటం దగ్గరా, వివరణ దగ్గరా, లేక ఇంగ్లిషులో వాక్యం కుదరకా అన్నది అది చూస్తేనే తెలుస్తుంది.

ఇక నాన్న చెప్పిన గ్రూప్-2. అందులో 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లు, మొత్తం 600. మూడో పేపరు పూర్తిగా ఎకానమీ, డెవలప్‌మెంటే. బీఏలో ఎకనామిక్స్ వదిలేసినా మూడేళ్ల తర్వాత అది మళ్లీ ఎదురవుతుంది, అప్పుడు కోచింగ్ ఫీజు కట్టి నేర్చుకోవాలి. ఇప్పుడు నేర్చుకుంటే ఆ భారం తగ్గుతుంది. అలాగని గ్రూప్స్ ఒక్కటే దారి అనుకోకు, నోటిఫికేషన్ల కోసం ఏళ్లు ఎదురుచూసినవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే కాకతీయ, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఎంఏ ఎకనామిక్స్ చేయవచ్చు. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లవచ్చు. ఎంఏ ఉంటే లెక్చరర్ ఉద్యోగాలకు దారి ఉంది, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. ఆ వైపు ఆలోచన ఉంటే ఇప్పటి నుంచే కొంచెం గణితం, స్టాటిస్టిక్స్ నేర్చుకో. సీఈసీ నుంచి వచ్చిన పిల్లలు పీజీలో ఇబ్బంది పడేది అక్కడే.

రెండో సెమిస్టర్‌లో స్థూల అర్థశాస్త్రం ఉంటే దాన్ని కూడా చూశాక మాట్లాడుకుందాం. జాతీయాదాయం, ద్రవ్యోల్బణం, బ్యాంకులు అంటే కొందరికి ఎక్కువ ఆసక్తి కలుగుతుంది. ఇవన్నీ నిజాయితీగా చేశాక కూడా ఈ ప్రశ్నలే నీకు పట్టడం లేదనిపిస్తే, పొలిటికల్ సైన్స్ వైపో చరిత్ర వైపో వెళ్లడంలో తప్పేమీ లేదు, గ్రూప్-2 రెండో పేపరులో అవీ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో ఇంట్రా కాలేజ్ దశ (అదే కాలేజీలో సబ్జెక్టులు మార్చుకునే దశ) ముగిశాక సబ్జెక్టులు మార్చుకోవడం కష్టం. మీ కాలేజీలో ఏ తేదీ దాకా వీలుంటుందో, మారితే మొదటి సెమిస్టర్ పేపరు ఏమవుతుందో ఆఫీసులో ఈ వారమే అడిగి తెలుసుకో. ఆ సమాధానం చేతిలో పెట్టుకొని నాన్నతో కూర్చో.