రాజీనామాకు ముందు పర్సనల్ లోనా? వద్దే వద్దు

ప్రశ్న: నా వయసు 38. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ రోజూ విజయవాడ వెళ్లి ఓ ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. చేరి 4 సంవత్సరాల 4 నెలలైంది. బేసిక్ 32 వేలు, చేతికి 58 వేలు వస్తుంది. ఇంటి లోను వాయిదా 17 వేలతో కలిపి ఖర్చు 46 వేలు. ఎఫ్‌డీ 90 వేలు ఉంది. ఉద్యోగానికి ఢోకా లేదు, ఒకటో తారీఖు జీతం తప్పదు. కానీ ముగ్గురి పని నా ఒక్కడి నెత్తిన పెట్టారు. మేనేజరు రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ చేసి అరుస్తాడు. నిద్ర లేదు, బీపీ మొదలైంది. మానేద్దామనుకుంటున్నాను. శాలరీ స్లిప్పులు ఉండగానే 10 లక్షల పర్సనల్ లోను తీసుకుని, మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెడదామని మా బావమరిది అంటున్నాడు. అమ్మకు షుగరు, బీపీ. ఆవిడకు కంపెనీ ఇన్సూరెన్సే దిక్కు. ఏం చేయమంటారు?

జవాబు: మానేయాలన్న మీ ఆలోచనను నేను తప్పు పట్టను. 38 ఏళ్లకే బీపీ తెచ్చిపెట్టిన ఉద్యోగాన్ని భద్రమైనదని ఎలా అంటాం? కానీ మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఆ పర్సనల్ లోను గురించి చెప్పడానికి. ‘స్లిప్పులు ఉండగానే లోను లాగేద్దాం’ అనే మాట ఈమధ్య చాలామంది నోట వింటున్నాను. విన్న ప్రతిసారీ గుండె గుభేలుమంటుంది. ఆగిపోతుందని మీకు ముందే తెలిసిన జీతాన్ని చూపించి అప్పు తెస్తున్నారు. అది అప్పిచ్చేవాళ్లకూ మంచిది కాదు, మీకు అసలే కాదు.

లెక్క చూడండి. 10 లక్షలు, 14 శాతం, ఐదేళ్లు అనుకుంటే నెలకు 23 వేల పైచిలుకు వాయిదా. వడ్డీయే దాదాపు 4 లక్షలు. ఇంటి ఖర్చుతో కలిపితే నెలకు 69 వేలు కావాలి, జీతం సున్నా. మీ ఎఫ్‌డీ నలభై రోజులకు అయిపోతుంది. అప్పటికి మిర్చి కోల్డ్ స్టోరేజీలోనే ఉంటుంది, అద్దె కూడా మీరే కట్టాలి. ధర రాకముందే అమ్ముకోవాల్సి వస్తుంది. గుంటూరు వాళ్లకు మిర్చి ధర గురించి నేను చెప్పాలా? రెండేళ్ల ముందు క్వింటాలు 20 వేలు దాటిన సరుకే 2025 ఫిబ్రవరికి ఎంత పడిపోయిందంటే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. యార్డులో తలపండిన వ్యాపారులే దెబ్బతిన్నారు. ఖాతా పుస్తకాలు చూసుకునే మీరు అప్పు సొమ్ముతో అందులోకి దిగుతారా? బావమరిది గారు తన డబ్బుతో చేసుకుంటే ఆయనిష్టం.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఈ మేనేజరు అరుపులు పడుతున్నది చేతిలో రెండు నెలల ఖర్చు కూడా లేక. ఆరు నెలల ఖర్చు, అంటే 2 లక్షల 76 వేలు బ్యాంకులో ఉన్న మనిషి రాత్రి పదకొండింటికి ఫోన్ ఆపేసి పడుకోగలడు. ‘మూడో మనిషి పని నావల్ల కాదు’ అని మొహమ్మీదే చెప్పగలడు. నేను ఎప్పుడూ అత్యవసర నిధి, అత్యవసర నిధి అని పోరు పెట్టేది ఇందుకే. ఆసుపత్రికి ఎంత అవసరమో, ఇలాంటి ఆఫీసు నుంచి బయటపడటానికీ ఆ డబ్బు అంతే అవసరం.

జీతంలో ఖర్చులు పోను మీకు 12 వేలు మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు. ఈ నెల నుంచే ఒకటో తారీఖున దాన్ని రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి. ఎనిమిది నెలలకు 96 వేలు. సరిగ్గా అప్పటికి మీ సర్వీసు ఐదేళ్లు నిండుతుంది. ఇప్పుడు మానేస్తే గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు కంపెనీ చివర్లో ఇచ్చే మొత్తం, రాదు. ఐదేళ్లు నిండాక మానేస్తే సుమారు 92 వేలు వస్తుంది. ఎఫ్‌డీతో కలిపి చూసుకోండి, ఆరు నెలల నిధి తయారైనట్టే. ఈ డబ్బును షేర్లలో పెట్టొద్దు, చీటీ వేయొద్దు, బంగారం కొనొద్దు. పీఎఫ్ తీయకండి, కొత్త చోటికి బదిలీ చేయించుకోండి.

ఈ ఎనిమిది నెలలూ నోరు మూసుకుని పడి ఉండమనడం లేదు. మిగిలిన సెలవుల్లోంచి ఓ పది రోజులు ముందు వాడేయండి, డాక్టరుకు చూపించుకోండి. పని భారం గురించి హెచ్‌ఆర్‌కు మాటలతో కాకుండా మెయిల్‌లో రాయండి. విభాగం మారే అవకాశం ఉంటే అడగండి. వేరే ఉద్యోగం ఇప్పటి నుంచే వెతకండి, గుంటూరులోనే దొరికితే రోజూ రానూపోనూ ప్రయాణం తప్పుతుంది. మంచి ఆఫర్ ముందే వస్తే గ్రాట్యుటీ కోసం ఆగక్కర్లేదు. డాక్టరు ఇక ఆపమంటే అసలే ఆగొద్దు. ఆ 92 వేల కంటే మీ ప్రాణం ఎక్కువ.

అమ్మగారి విషయం మాత్రం ఈ వారంలోనే చూడండి. మీరు మానేస్తే ఆవిడకున్న కంపెనీ కవర్ కూడా పోతుంది. కొత్తగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుల ఖర్చు బీమా ఇవ్వదు. అందుకే మీ ఆఫీసుకు గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారడానికి ఏం కావాలో, గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో లెక్కేస్తారో లేదో, ఉద్యోగంలో ఉండగానే రాతపూర్వకంగా అడగండి. మీకూ, మీ ఇంట్లోవాళ్లకూ వేరే ఫ్లోటర్, అంటే అందరికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ, ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, కాబట్టి ప్రీమియం ఎక్కువనే సాకు కొంత తగ్గింది. ప్రపోజల్ ఫారంలో అమ్మగారి షుగరూ, బీపీయే కాదు, మీకు మొదలైన బీపీ కూడా దాచకుండా రాయండి.