గుండె ప్యాచ్ కోసం రిటైర్మెంట్ డబ్బు తీయాలా?

ప్రశ్న: మావారికి 49 ఏళ్లు. ఏడాది కిందట పెద్ద హార్ట్ ఎటాక్ వచ్చింది. స్టెంట్ వేశారు కానీ పంపింగ్ 30 శాతం దాటడం లేదు. ల్యాబ్‌లో గుండె కండరం తయారుచేసి అతికిస్తున్నారని చదివాం. ఒక క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో అదే ఫలితం వస్తుందంటున్నారు. డబ్బంతా ముందే కట్టాలట. అందుకు మా రిటైర్మెంట్ పొదుపులో సగానికి పైగా తీయాలి. తీయమంటారా? మా తమ్ముడేమో ఆ కంపెనీల షేర్లు కొనమంటున్నాడు.

జవాబు: తీయకండి. మీరు చదివింది ఒకటి, క్లినిక్ అమ్ముతున్నది ఇంకొకటి.

పెద్ద ఎటాక్‌లో వంద కోట్ల దాకా గుండె కణాలు చచ్చిపోవచ్చు. ఆ చోట మచ్చ కడుతుంది, అది కొట్టుకోదు. పాతికేళ్ల వయసులో కూడా గుండె ఏడాదికి సుమారు 1 శాతం కణాలనే కొత్తగా చేసుకోగలదు. తర్వాత అదీ తగ్గిపోతుంది. అందుకే కండరాన్ని బయట తయారుచేసే ప్రయత్నం మొదలైంది. మామూలు కణాలను మూలకణాలుగా (స్టెమ్ సెల్స్‌గా) వెనక్కి తిప్పవచ్చని జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల కణాల్లో చూపించారు. అలాంటి మూలకణాలను గుండె కణాలుగా మలిచి, కొలాజెన్‌లో కలిపి అచ్చులో పోస్తే కొన్ని వారాల్లో తనంతట తాను కొట్టుకునే కండరం ముక్క తయారవుతుంది.

జర్మనీలోని గోటింగెన్ బృందం ఇలాంటి ప్యాచ్‌లను కోతుల్లో పరీక్షించి, మనుషుల్లో ట్రయల్ మొదలుపెట్టింది. 2025 జనవరిలో 'నేచర్'లో వచ్చిన వారి వ్యాసంలో 46 ఏళ్ల మహిళ కేసు ఉంది. ప్యాచ్ పెట్టిన మూడు నెలలకు ఆమెకు గుండె మార్పిడి జరిగింది. తీసిన గుండెను పరిశీలిస్తే ప్యాచ్‌లోని కణాలు బతికే ఉన్నాయి, రక్తనాళాలూ అందులోకి వచ్చాయి. నిజంగా మంచి కబురే. కానీ లెక్కలు వేసేవాడిగా నా కళ్లు వేరే చోట ఆగుతాయి. ఆమెకు మార్పిడి తప్పలేదు. పైగా ప్యాచ్ వేరేవాళ్ల కణాలతో చేసింది కాబట్టి, శరీరం దాన్ని తోసిపుచ్చకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి. అంటే రేపు ఈ చికిత్స అందుబాటులోకి వచ్చినా ఆపరేషన్ బిల్లుతో ఖర్చు తీరదు. మందులు, పరీక్షలు, ఇన్‌ఫెక్షన్ వస్తే అడ్మిషన్, ఇవన్నీ ఉంటాయి. ఇప్పుడే పొదుపు ఖాళీ చేస్తే అప్పుడు దేనితో కడతారు?

ఇక క్లినిక్ సంగతి. ఇలాంటి చోట్ల ఎక్కువగా ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో కణాలు తీసి ఎక్కిస్తారు. అవి గుండె కండరంగా మారతాయన్న వాదన నిలబడలేదు. ఆ వాదనకు పేరుమోసిన పరిశోధకుడు పియరో అన్వెర్సా ల్యాబ్ నుంచి వచ్చిన 31 పరిశోధన వ్యాసాలను వెనక్కి తీసుకోవాలని 2018లో ఆయన పనిచేసిన హార్వర్డ్ యూనివర్సిటీయే కోరింది. క్లినిక్‌ను ఒక్క మాట అడిగి చూడండి: ఇది ట్రయలా, చికిత్సా? ట్రయల్ అయితే పరీక్షిస్తున్న చికిత్సకు సాధారణంగా పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు. రిజిస్ట్రేషన్ నంబర్ చూపించినా తొందరపడకండి, నమోదు కావడం వేరు, ఆమోదం పొందడం వేరు. చికిత్సే అంటే ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన అనుమతి పత్రం కాపీ అడగండి. ఆ మాటకు ఎంత నీళ్లు నములుతారో చూస్తే మీకే అర్థమైపోతుంది.

ఆ డబ్బు ఎక్కడ ఉండాలంటే, ముందుగా రుజువైన వైద్యం దగ్గర. హార్ట్ ఫెయిల్యూర్‌కు నాలుగు రకాల మందులు కలిపి వాడటం ఇప్పుడు ప్రామాణిక పద్ధతి. మీవారికి నాలుగూ ఉన్నాయా, తట్టుకోగలిగినంత డోసుకు చేరాయా అని కార్డియాలజిస్ట్‌ను అడగండి. పంపింగ్ 35 శాతం లోపే ఉంటే ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే పరికరం) అవసరమా అన్న చర్చ కూడా వస్తుంది, ఆ ఖర్చు మీ లెక్కలో ఉండాలి. ఏడాదిన్నర ఇంటి ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పెట్టుకోండి. షేర్లలోనూ లాకిన్‌లోనూ వద్దు. రేపు నిజమైన ట్రయల్‌లో చోటు దొరికితే ప్రయాణం, ఇద్దరి బస, జీతం లేని సెలవు, వీటికీ ఆ డబ్బే అక్కరకొస్తుంది. ఉన్న ఆరోగ్య బీమాను ఎట్టి పరిస్థితుల్లో లాప్స్ కానివ్వకండి, ఈ జబ్బు బయటపడ్డాక కొత్తది దొరకడం కష్టం. ప్రయోగాత్మక చికిత్సలకు వర్తించదన్న షరతు అందులో ఉందేమో చదవండి, చాలావాటిలో ఉంటుంది. నామినీలు, జాయింట్ ఖాతాలు, విల్లు ఈ నెలలోనే పూర్తిచేయండి. మాట్లాడటానికి ఇబ్బందిగా ఉంటుంది, తెలుసు. అయినా ఆయన ఓపికగా కూర్చుని సంతకం పెట్టగలిగినప్పుడే చేయాలి.

మీ తమ్ముడి ఉత్సాహం బాగుంది కానీ ఒక సంగతి చెప్పండి. జపాన్‌లో టెరుమో కంపెనీ 'హార్ట్‌షీట్' అనే కణాల పొరకు 2015లో షరతులతో అనుమతి వచ్చింది. పనితీరు రుజువు కాకపోవడంతో 2024లో అది ముగిసిపోయింది. టెరుమో పెద్ద కంపెనీ, తట్టుకుంది. ఒకే ఉత్పత్తి మీద బతికే చిన్న కంపెనీ షేరైతే ఏమయ్యేది? శాస్త్రం గెలిచినా మీరు కొన్న కంపెనీ గెలుస్తుందన్న హామీ లేదు. అంతగా ఉంటే, మొత్తం పోయినా ఇంట్లో ఎవరి నిద్రా చెడనంత సొమ్ము అతను తన డబ్బులోంచి పెట్టుకోవచ్చు.

క్లినిక్‌కు ఇప్పటికే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా రద్దు కోరండి. రసీదు, వాళ్లు వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు జాగ్రత్తగా దాచండి. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకుకు ఫిర్యాదు చేయడానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి.