ఆ పాలసీ మీదున్న పేరు మీది

ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊరి నుంచి ఒకావిడ రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. విషయం ఇదీ. అబ్బాయికి 18, పోయిన సెప్టెంబర్‌లో డ్రైవింగ్ టెస్ట్ పాసయ్యాడు, సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కారు కొన్నారు. వాడి పేరు మీద ఇన్సూరెన్స్ చూస్తే 2,300 పౌండ్లు. వాళ్ళాయన అదే ఫారంలో మెయిన్ డ్రైవర్ అన్నచోట ఈవిడ పేరు పెట్టి, కొడుకుని నేమ్డ్ డ్రైవర్‌గా, అంటే అప్పుడప్పుడూ నడిపే అదనపు డ్రైవర్‌గా, కింద చేరిస్తే 890కి దిగింది. ఈవిడేమో రోజూ ట్రైన్‌లో ఆఫీసుకెళ్తారు, కారు తీసుకెళ్ళేది అబ్బాయే, పొద్దున కాలేజీకి, సాయంత్రం పార్ట్‌టైమ్‌కి. పోయిన నెల పార్కింగ్‌లో రివర్స్ తీస్తూ వేరే వాళ్ళ కారుకి తగిలించాడు. ఇప్పుడు కంపెనీ వాళ్ళు ఈ కారు రోజూ ఎవరు వాడతారో మాట్లాడాలి, సోమవారం ఫోన్ చేస్తాం అన్నారు. "నేనే నడుపుతాను, వాడు ఎప్పుడైనా వీకెండ్‌లో తీస్తాడు అని చెప్పు చాలు" అని ఆయన. "నన్నడిగితే నేను నిజమే చెప్తా" అని అబ్బాయి, అని తలుపేసుకున్నాడు. ఈవిడ అడిగింది: "వాడికి ఎలా నచ్చజెప్పాలి? మా సర్కిల్‌లో అందరూ చేసేదే కదండీ, ఇదంత పెద్ద తప్పా?"

అమ్మా, వాడికి నచ్చజెప్పాల్సిన పని లేదు. వాడు కరెక్ట్‌గా ఉన్నాడు, వాణ్ణి వదిలెయ్యండి. పెద్ద తప్పా అంటే, అవును పెద్ద తప్పే, అదెందుకో కింద చెప్తా. కానీ మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఇక్కడ కాదు.

చివర్లో నవ్వుకుంటూ ఒక మాట రాశారు చూడండి, "అసలు ఆ కారులో కూర్చుంటే నా కాళ్ళు క్లచ్‌కి అందవండీ, వాడు ఆరడుగులు, సీటు వెనక్కి లాగేసి ఉంటుంది, అది ఎలా జరపాలో కూడా నాకు తెలీదు" అని. సీటు జరపడం కూడా తెలియని కారుకి మీరు మెయిన్ డ్రైవర్. ఇంకా పైన ఎక్కడో, "ఆయన ఫారం నింపుతుంటే నేను వంటింట్లో ఉన్నాను, నీ పుట్టినరోజు, లైసెన్స్ నంబరు చెప్పు అంటే చెప్పాను" అని కూడా రాశారు. దేనికి అని అడిగారా? అడగలేదు. మీరు రాసిన దాన్నిబట్టి ఎప్పుడూ అడగలేదు, ఊళ్ళో ఫ్లాట్ లోన్‌కి మిమ్మల్ని కో అప్లికెంట్‌గా పెట్టినప్పుడూ అడగలేదు, మీవారి తమ్ముడికి ష్యూరిటీ సంతకం పెట్టినప్పుడూ అడగలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. మీ పేరు ఆ ఇంట్లో ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకునే వస్తువైపోయింది, అందులో మీకు తప్పేమీ కనపడట్లేదు, కొడుక్కి కనపడింది. గొడవ మీకూ మీ అబ్బాయికీ మధ్య అనుకుంటున్నారు మీరు. కాదు, మీకూ మీవారికీ మధ్య ఎప్పుడో జరగాల్సిన మాట ఇది.

నాకిది ఎందుకింత కోపం తెప్పించిందో కూడా చెప్తాను. మా నాన్నగారు ఒకసారి మా అమ్మ చేత ప్రాంసరీ నోటు మీద సంతకం చేయించుకున్నారు, అమ్మ చదవలేదు, మధ్యాహ్నం అన్నం తింటూ పక్కన పెట్టి ఇక్కడ పెట్టు అన్నారు, పెట్టింది. రెండేళ్ళ తర్వాత అప్పిచ్చినాయన వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుని "మీ ఆవిడ సంతకమేనండీ" అంటుంటే అమ్మ తలుపు వెనక నిలబడి వింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ చెయ్యి తలుపు గొళ్ళెం మీద ఉంది, అది వణకడం నేను చూశాను. నాన్న చెడ్డవారు కాదు, మీవారూ కాదు, ఇంటి ఖర్చు తగ్గించాలనే చేశారు, అది నేను ఒప్పుకుంటా. కానీ సంసారం అంటే భార్య పేరు అడక్కుండా వాడుకునే హక్కు అని నేను మాత్రం చచ్చినా ఒప్పుకోను.

ఇక తప్పు సంగతి. మన దగ్గర్నుంచి వచ్చినవాళ్ళకి ఇది వెంటనే బుర్రకెక్కదు, ఎందుకంటే ఇండియాలో ఇన్సూరెన్స్ అనేది బండికి, థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది, ఓనర్ ఒప్పుకుంటే లైసెన్స్ ఉన్న ఎవరైనా తోలొచ్చు, మెయిన్ డ్రైవర్ ఎవరు అని అడిగేవాడే లేడు. బ్రిటన్‌లో అలా కాదు, ప్రీమియం బండితో పాటు దాన్ని ఎక్కువగా ఎవరు నడుపుతారు అన్నదాని మీద కడతారు. కొత్తగా పాసైన కుర్రాడికి రేటు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ళ పేరు ముందు పెట్టి వాణ్ణి వెనక పెట్టడాన్ని ఇక్కడ ఫ్రంటింగ్ అంటారు, దాన్ని మోసం కిందే చూస్తారు. 2012లో వచ్చిన కన్స్యూమర్ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం పొరపాటున తప్పు చెప్పడం వేరు, తెలిసి చెప్పడం వేరు. తెలిసి చెప్తే కంపెనీ పాలసీని మొదట్నుంచీ లేనట్టు రద్దు చెయ్యొచ్చు, మీ క్లెయిమ్ ఇవ్వక్కర్లేదు, కట్టిన డబ్బు కూడా మామూలుగా వెనక్కి ఇవ్వక్కర్లేదు. సోమవారం ఫోన్‌లో మీవారు చెప్పమన్నది మీరు చెప్తే అది తెలిసి చెప్పడమే, అందులో డౌటేమీ లేదు, ఆ కాల్ మామూలుగా రికార్డవుతుంది కూడా, గొంతు మీది.

అబ్బాయి తగిలించిన కారు ఓనర్‌కి రిపేరు డబ్బు కంపెనీ ఇచ్చినా మళ్ళీ మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. పాలసీ పోతే అబ్బాయి ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టు కేసయ్యే ప్రమాదం ఉంది, దానికి మామూలుగా 300 పౌండ్ల ఫైన్, లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్లు. మీవారికి ఈ 6 అంకె ఒక్కటి గట్టిగా చెప్పండి, ఎందుకంటే టెస్ట్ పాసైన రెండేళ్ళ లోపల 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు, మళ్ళీ ప్రొవిజనల్ అనే లెర్నర్ లైసెన్స్, మళ్ళీ థియరీ, మళ్ళీ ప్రాక్టికల్. అప్పుడు కొత్త ఇన్సూరెన్స్ కోసం వెళ్తే ఇంతకుముందు ఎవరైనా మీ పాలసీ రద్దు చేశారా అని అడుగుతారు, అవును అని టిక్ పెట్టాల్సింది మీవారు కాదు, మీరు. మీకు ఇన్నాళ్ళూ ఒక్క మచ్చ కూడా లేని లైసెన్స్ ఉంది, అందుకే గదా రేటు తగ్గింది.

1,410 పౌండ్లు మిగిలాయని మీవారు లెక్క చెప్పారట. సరే, నిజాయితీగా తగ్గించుకునే దారి ఉంది కదా. అబ్బాయినే మెయిన్ డ్రైవర్‌గా పెట్టి మిమ్మల్నో ఆయన్నో నేమ్డ్ డ్రైవర్‌గా చేరిస్తే అది పూర్తిగా కరెక్టే, చాలాసార్లు రేటు కూడా దిగుతుంది, అయితే నిజంగా అప్పుడప్పుడూ నడిపేవాళ్ళనే చేర్చండి. బ్లాక్ బాక్స్ పాలసీలు ఉన్నాయి, కారులో ఒక పరికరం పెట్టి ఎలా నడుపుతున్నాడో చూసి రేటు కడతారు. వాలంటరీ ఎక్సెస్, అంటే క్లెయిమ్ వస్తే మన జేబులోంచి కడతామని ముందే ఒప్పుకునే మొత్తం, కొంచెం పెంచి చూడండి. నెలనెలా కడితే మామూలుగా వడ్డీ పడుతుంది, ఏడాదిది ఒకేసారి కట్టగలిగితే కట్టండి. అన్నిటికంటే ముఖ్యం, వాడి పేరు మీద పాలసీ ఉండి క్లెయిమ్ లేకుండా గడిస్తే నో క్లెయిమ్స్ బోనస్ వాడికి పెరుగుతుంది, మీ కింద నేమ్డ్ డ్రైవర్‌గా ఉన్నన్నాళ్ళూ చాలా కంపెనీల్లో అది వాడికి రాదు. వాడి పార్ట్‌టైమ్ జీతంలోంచి సగం కట్టమనండి, వాడు కాదనడు అని నాకనిపిస్తోంది. అంతకీ కుదరకపోతే బస్సు. బస్సులో కాలేజీకి వెళ్ళిన పిల్లలు ఎవరూ పాడైపోలేదు.

"ఆయనతో ఎలా చెప్పను, ఆయన మాట కాదన్నట్టు అవుతుంది" అని రాశారు. అవుతుంది, కానివ్వండి. అరిచి చెప్పక్కర్లేదు, అత్తగారికి ఫోన్ చేసి పంచాయితీ పెట్టక్కర్లేదు, కొడుకుని మధ్యలోకి లాగొద్దు అసలే. ఆయన కాఫీ తాగి కూర్చున్నప్పుడు "ఈ పాలసీలో ఉన్నది నా పేరు, నేను అబద్ధం చెప్పను, సోమవారం ఫోన్ నేనే మాట్లాడతాను" అనండి. ఈ మూడు ముక్కలే. ఆయన కోప్పడితే కోప్పడనివ్వండి, రెండ్రోజులు మాట్లాడరు, మీరు అన్నం వడ్డించి మీ పని మీరు చూసుకోండి, కానీ మాట మాత్రం మార్చకండి. ఇప్పుడు మారిస్తే అవతల తలుపు వెనక ఉన్న పిల్లాడు ఏం నేర్చుకుంటాడో నేను చెప్పక్కర్లేదు. రేపు వాడికీ ఒక భార్య వస్తుంది, ఆ అమ్మాయి లైసెన్స్ నంబరు కూడా వాడు వంటింట్లోకి కేకేసి అడిగేలా తయారవ్వకూడదు కదా.

ఈలోగా ఆ కారు తాళం తీసి మీ దగ్గర పెట్టుకోండి, పాలసీ సంగతి తేలేదాకా వాడు తియ్యకూడదు. వాళ్ళ ఫోన్ కోసం ఎదురుచూడకుండా వీలైతే మీరే ముందు చెయ్యండి. జనానికి సలహాలిచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్ వాళ్ళని ముందు ఒకసారి కనుక్కోండి, ఉచితమే. కంపెనీ మరీ అన్యాయంగా చేసిందనిపిస్తే ముందు వాళ్ళకే కంప్లైంట్ ఇచ్చి, తేలకపోతే ఇలాంటి గొడవలు తేల్చే ఫైనాన్షియల్ ఓంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, దానికీ డబ్బులక్కర్లేదు. ఫోన్‌లో కారు మా అబ్బాయి రోజూ వాడతాడు, ఫారంలో తప్పు పడింది, సరిచెయ్యాలి అని చెప్పండి, ఎవరు నింపారని అడిగితే అదీ చెప్పండి, ఎవర్నీ కాపాడాలని కొత్త కథ అల్లొద్దు. పెట్టేసే ముందు రిఫరెన్స్ నంబరు అడిగి, మాట్లాడిన వాళ్ళ పేరు, తేదీ, టైము ఒక కాగితం మీద మీ చేత్తో మీరే రాసుకోండి.