మీ బండి – మా జవాబు: అన్నీ ఒక్కసారే ఆరిపోతుంటే తప్పు ఎక్కడుంటుంది?

ప్రశ్న: నాది 2014 నాటి 150 సీసీ కార్బురేటర్ మోటార్ సైకిల్. కొన్ని నెలలుగా నడుస్తూ నడుస్తూనే ఇంజను, మీటరు, హారను, ఇండికేటర్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోతున్నాయి. ఒక్కోసారి క్షణంలో వాటంతటవే వస్తాయి, ఒక్కోసారి తాళం ఆపి మళ్లీ తిప్పితే గాని రావు. వాన రోజుల్లోనూ, హ్యాండిల్‌ను కుడివైపు బాగా తిప్పి బండిని మళ్లించేటప్పుడూ ఈ ఇబ్బంది ఎక్కువ. బ్యాటరీ, రెగ్యులేటరు, సీడీఐ (సరైన వేళకు స్పార్కు పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్పించాను. షెడ్డుకు తీసుకువెళితే మాత్రం బుద్ధిగా నడుస్తుంది. ఇప్పుడు మెకానిక్ వైరింగ్ కిట్ మొత్తం మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఇప్పుడే మార్పించవద్దు. మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే సమాచారం, ఇంజనుతోపాటు మీటరు, హారను కూడా ఆరిపోతున్నాయన్నది. ఇంజను ఒక్కటే ఆగి హారను మోగుతూ ఉంటే కిల్ స్విచ్చిని (హ్యాండిల్ మీద ఇంజను ఆపే మీట), పల్సర్ కాయిల్‌ను (స్పార్కు వేళను సీడీఐకి తెలిపే తీగచుట్ట), సీడీఐని, హెచ్.టి. కాయిల్‌ను (స్పార్కు ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ అందించేది) అనుమానించాలి. బండి వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంటే వేడికి లోపల తెగే పల్సర్ కాయిల్ కావచ్చు; లేదా అసలు కరెంటుతో సంబంధమే లేకుండా పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయి ఉండవచ్చు, అప్పుడు మూత ఒకసారి తెరిచి మూస్తే కాసేపటికి బండి స్టార్టవుతుంది. మీ బండిలో జరుగుతున్నది వీటిలో ఏదీ కాదు.

అన్నీ కలిసి ఆరిపోతున్నాయంటే, అన్నిటికీ కరెంటు అందించే ఉమ్మడి దారిలోనే ఎక్కడో తెగుతోంది. ఆ దారి చాలా చిన్నది. బ్యాటరీ టెర్మినళ్లు, మెయిన్ ఫ్యూజు, దాని హోల్డరు, అక్కడినుంచి తాళం స్విచ్చికి వెళ్లే తీగ, ఆ స్విచ్చి, దాని కప్లరు (తీగల కొసలను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు), మరోవైపు బ్యాటరీ నెగటివ్‌నుంచి ఇంజనుకూ ఛాసిస్‌కూ వెళ్లే ఎర్తు తీగ, అంతే. సీడీఐ ఈ దారిలో లేదు కాబట్టి దాన్ని మార్చడం వల్ల ప్రయోజనం కలిగే అవకాశం మొదటినుంచీ లేదు. (బ్యాటరీతో పనిలేకుండా ఇంజను కాయిల్ నుంచే స్పార్కుకు కరెంటు తీసుకునే పాతకాలపు ఎ.సి. సీడీఐ బళ్లలో తాళం స్విచ్చి తీగ తెగినా ఇంజను ఆగదు, పైగా దాన్ని ఆపడమే కష్టమవుతుంది. మీ బండి ఆగిపోతోందంటే అది బ్యాటరీ కరెంటుతో నడిచే డి.సి. రకమన్నమాట.)

ఈ చిన్న దారిలో కూడా నా అనుమానం తాళం స్విచ్చి దగ్గరే ఆగుతుంది. చాలా బళ్లలో ఆ స్విచ్చి ఫోర్కు పైపట్టీకి బిగించి ఉంటుంది గనుక హ్యాండిల్‌తోపాటే తిరుగుతుంది, దాని తీగలు మాత్రం కదలని ఛాసిస్ వైపు వెళతాయి. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ తీగలు ఒకేచోట వంగుతాయి. కొన్నేళ్లకు పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. తాళం ఆపి తిప్పితే కరెంటు వస్తోందంటే లోపలి కాంటాక్టు అరిగి ఉండటానికీ అవకాశముంది.

అనుమానం రుజువు కావాలి గదా. షెడ్డులో కనబడని తప్పును రోడ్డు మీదే పట్టుకోవడానికి ఒక చవకైన ఉపాయముంది. 12 వోల్టుల చిన్న ఎల్‌ఇడి దీపం ఒకటి తీసుకోండి. దాని ఒక తీగను 1 ఆంపియర్ ఫ్యూజు ద్వారా, తాళం స్విచ్చికి కరెంటు తెచ్చే తీగకు, అంటే మెయిన్ ఫ్యూజు దాటాక స్విచ్చిలోకి ప్రవేశించకముందు కలపండి. రెండో తీగను ఛాసిస్‌కు బిగించి, దీపాన్ని మీటరు పక్కన టేపుతో అంటించండి. ఇకమీద బండి ఆగిన క్షణంలో ఆ దీపాన్నొకసారి చూడండి. అన్నీ ఆరిపోయినా దీపం వెలుగుతుంటే బ్యాటరీ, ఫ్యూజు, ఎర్తు మూడూ నిర్దోషులు, తప్పు స్విచ్చిలోనో దాని తర్వాతి కప్లరులోనో ఉంది. దీపం కూడా ఆరితే స్విచ్చిని వదిలి వెనక్కు, బ్యాటరీ వైపు వెళ్లండి. తాళం తీసినా ఈ దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బండి నిలిపినప్పుడు దాని తీగ ఊడదీయడం మరవకండి.

తర్వాత మల్టీమీటరుతో పని. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తీగ రెండు కొసలకూ మీటరు ముల్లులు పెట్టి బీప్ వినగానే ఆ తీగ బాగుందని తేల్చేయడం. ఇరవై పోగుల తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు కూస్తుంది, కానీ ఆ ఒక్క పోగు హెడ్‌లైటు భారాన్ని మోయలేదు. అందుకే కరెంటు పారుతుండగా వోల్టేజీ ఎంత పడిపోతోందో చూడాలి. మీటరును 20 వోల్టుల డి.సి. దగ్గర పెట్టి, ఎర్ర ముల్లును బ్యాటరీ పాజిటివ్‌కు, నల్ల ముల్లును తాళం స్విచ్చినుంచి బయటికి వచ్చే తీగ కప్లరులోకి వెనకవైపునుంచి గుండుసూదితో తగిలించండి. ఇంజను ఆపి, తాళం తిప్పి, హెడ్‌లైటు వేయండి. ఇంజను ఆగి ఉండగా హెడ్‌లైటు వెలగని బండైతే బ్రేకు నొక్కి ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న బండిలో మీటరు అర వోల్టు లోపే చూపాలి. ఇప్పుడు హ్యాండిల్‌ను ఒక కొసనుంచి మరో కొసకు నెమ్మదిగా తిప్పుతూ, మధ్యలో తాళాన్ని అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ మీటరు వైపే చూడండి. అంకె 1, 2 వోల్టులకు పెరిగిందంటే ఆ దారి బలహీనంగా ఉంది. 12కు ఎగిరిందంటే ఆ స్థానంలో అది పూర్తిగా తెగింది. అప్పుడు హ్యాండిల్‌ను అలాగే పట్టుకుని, నల్ల ముల్లును స్విచ్చికి ముందున్న తీగకు, ఆ తర్వాత ఫ్యూజు హోల్డరుకు జరుపుతూ వెళితే అంకె ఎక్కడ మామూలుకు దిగుతుందో, తెగిన చోటు ఆ ముల్లుకూ దానికి ముందు పెట్టిన చోటుకూ మధ్యన ఉంటుంది.

ఎర్తు విషయానికి మరొక కొలత చాలు: ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్‌కు, మరొకటి ఇంజను బాడీకి పెట్టి సెల్ఫ్ నొక్కితే అర వోల్టుకు మించకూడదు.

తీగను కంటితో చూసి లాభం లేదు, వేళ్లతో చూడాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్విచ్చి కిందినుంచి వచ్చే ప్రతి తీగనూ రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని, కొద్దికొద్ది దూరంలో మెల్లగా లాగండి. లోపల రాగి తెగిన చోట తొడుగు రబ్బరులా సాగి సన్నబడుతుంది. కప్లరును విప్పి చూస్తే ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉండటమో, పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉండటమో కూడా కనబడవచ్చు. వాన రోజుల్లో ఎక్కువవుతోందన్నారు కాబట్టి ఈ చిలుమును తేలికగా తీసుకోవద్దు. వాటర్ సర్వీసింగు చేసేటప్పుడు హెడ్‌లైటు వెనక పైపు పెట్టి కొట్టిన నీరు కప్లర్లలో చేరి నిలుస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ చల్లి, ఆరనిచ్చి, వదులైన ఆడ పిన్నును సన్నని మొనతో కొంచెం బిగువు చేయండి.

తెగిన తీగను అతికేటప్పుడు నల్లబడ్డ రాగిని కోసేసి, మెరిసే రాగి కనబడేదాకా వెనక్కు వెళ్లి, అదే మందం తీగ ముక్కను టంకం పెట్టి కలిపి, వేడికి బిగుసుకునే స్లీవు తొడగాలి. అతుకు మాత్రం వంగే చోట ఉండకూడదు, ఎందుకంటే టంకం పీల్చుకున్న తీగ బిరుసెక్కి దాని అంచునే మళ్లీ తెగుతుంది. స్విచ్చి లోపలి కాంటాక్టే పోయిందని తేలితే లాక్ సెట్ మార్చుకోవడమే మంచిది.

ఇక వైరింగ్ కిట్ మాట. చాలా బళ్లలో తాళం స్విచ్చి తీగలు స్విచ్చితోపాటే వస్తాయి, మెయిన్ వైరింగులో భాగం కావు. అంటే కిట్ మార్చినా పాత స్విచ్చి, దాని పాత తీగలే కొత్త కప్లరులోకి ఎక్కుతాయి. ఫ్యూజు హోల్డరులో తప్పున్నా ఆ ఒక్క హోల్డరు మార్చుకోవచ్చు. వైరింగ్ కాలిపోతేనో, ఎలుకలు కొరికేస్తేనో కిట్ మార్చడంలో అర్థముంది.

ప్రశ్న: మా బండికి ఎప్పుడో ఒకప్పుడు ఫ్యూజు కాలిపోతోంది. 15 ఆంపియర్లది నిలవడం లేదని షెడ్డులో 30 ఆంపియర్లది వేశారు. ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉంటుంది, వెంటనే తీయించండి. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. 15 ఆంపియర్లకు సరిపడిన తీగలో అంతకు రెట్టింపు పారితే ఫ్యూజు కంటే ముందు తీగ తొడుగు కరుగుతుంది, దాని పైనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

తప్పును వెతకడానికి ఫ్యూజులు కాల్చుకుంటూ పోనక్కర్లేదు. ఫ్యూజు తీసేసి, ఆ రెండు పిన్నుల మధ్య 12 వోల్టుల, 35 వాట్ల పాత హెడ్‌లైటు బల్బును తీగలతో కలపండి. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఇడి పనికిరాదు. షార్టు ఉన్నంతసేపు బల్బు నిండుగా వెలుగుతుంది, పారే కరెంటు సుమారు 3 ఆంపియర్లకు మించదు కాబట్టి తీగలకు హాని లేదు. తాళం తిప్పి, లైట్లు ఆపి, బ్రేకు, హారను, ఇండికేటర్లు ఒక్కొక్కటే నొక్కి చూడండి. వాటి మామూలు వాడకానికి బల్బు మసకగా వెలుగుతుంది; ఏది నొక్కినప్పుడు ఒక్కసారిగా నిండు వెలుగు వస్తుందో దాని దారిలోనే షార్టుంది. ఏదీ దొరకకపోతే వైరింగును చేతితో కదుపుతూ రండి. వెనక మడ్‌గార్డు కింద టెయిల్ ల్యాంపుకు వెళ్లే తీగ, ట్యాంకు ముందరి కమ్మీకి రాసుకునే తీగ, తర్వాత బిగించిన అదనపు లైట్ల అతుకులు: ఈ మూడింటిని మొదట చూడండి.

ప్రశ్న: 2021లో కొన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. ఊరెళ్లి మూడు వారాలకు తిరిగొస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంటోంది. రోజూ నడిపినప్పుడు ఏ ఇబ్బందీ లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తాళం తీసినా ఏదో కరెంటు తాగుతోంది. మీరు జి.పి.ఎస్. ట్రాకరు గాని, అలారం గాని పెట్టించి ఉంటే మొదట దాన్నే అనుమానించాలి. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, టెర్మినల్‌కూ తీగకూ మధ్య మీటరును కరెంటు కొలిచే స్థితిలో పెట్టండి. మొదట 10 ఆంపియర్ల సాకెట్టు వాడి, అంకె చిన్నదని తేలాకే మిల్లీ ఆంపియర్లకు మారండి. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పడం, సెల్ఫ్ నొక్కడం చేస్తే మీటరు ఫ్యూజు కాలిపోతుంది. గడియారానికీ, ఇంజను కంప్యూటరుకూ కలిపి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు సహజమే. 15 మిల్లీ ఆంపియర్లు పోతుంటే మాత్రం 21 రోజులకు 7 ఆంపియర్ అవర్లకు పైగా ఖర్చవుతుంది, చాలా బళ్ల బ్యాటరీ సామర్థ్యమే దాదాపు అంత ఉంటుంది. తాగుతున్నదేమిటో తేలేదాకా, ఊరెళ్లే ముందు నెగటివ్ తీగ ఊడదీసి వెళ్లండి. ఇలా పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదలకుండా ఆ రోజే ఛార్జింగ్ పెట్టించండి. కొన్ని గంటలు ఆగిన తర్వాత కొలిచినప్పుడు 12.4 వోల్టులు కూడా నిలవకపోతే దాని ఆయువు తీరిందనే అనుకోవాలి.