రైలు గేటు దగ్గర సైకిలు జాగ్రత్త

మీ అమ్మాయి ఈ ఏడాది నుంచి ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి సైకిలు మీద బడికి వస్తుందన్నారు, ఏయే జాగ్రత్తలు చెప్పాలని అడిగారు. నేను ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా సైకిలు తొక్కుతున్నాను. అందరూ లారీల గురించే భయపెడతారు. నన్ను పడేసింది మాత్రం రైలు పట్టా.

1900లో ఇక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు మార్గమే ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. ఊరి బయట ఒక గేటు దగ్గర రోడ్డు ఆ పట్టాలను ఏటవాలుగా దాటుతుంది. శ్రావణ మాసం, సన్నని తుంపర, హ్యాండిలుకు కొబ్బరికాయల సంచి. పట్టా పక్కన రైలు చక్రం అంచు కోసం వదిలిన సందులోకి నా ముందు చక్రం దిగిపోయింది. హ్యాండిలు ఎంత తిప్పినా చక్రం కదలదు! లేచి చూసేసరికి మోచేయి చీరుకుపోయింది, కొబ్బరికాయలు గేటు గది దాకా దొర్లాయి. గేటు కాపలా పెద్దాయన వాటిని ఏరిస్తూ, "పట్టాలకు అడ్డంగా పోవాలి బాబూ, వాటి వెంట పోకూడదు" అన్నాడు.

అంతకంటే బాగా నేను చెప్పలేను. గేటుకు ముందే వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, వేగం తగ్గించి, పట్టాలకు ఎదురుగా తిరిగాక తిన్నగా దాటాలి. పట్టాల మీద బ్రేకు వేయకూడదు. తడిసిన ఇనుము సబ్బులా జారుతుంది కాబట్టి వానలో దిగి నడిపించుకుపోవడమే మేలు. ఇనుప రిమ్ములున్న సైకిలైతే వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది, కాస్త ముందు నుంచే రెండు బ్రేకులూ మెల్లగా నొక్కుతుండాలి.

వరికోతలప్పుడు ఇంకో తంటా. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. గింజల మీదికి ఎక్కితే టైరు జారుతుంది, తప్పుకుంటే నడిరోడ్డుకు రావాలి. వెనక చూడకుండా పక్కకు రావద్దనండి. గంట మీద నమ్మకం పెట్టుకోవద్దు, మన ఊళ్లో గంట కొడితే తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా ముందు తిరిగి చూస్తారు, తర్వాతే తప్పుకుంటారు.

లారీల విషయం ఒక్కటే: ఆగి ఉన్న లారీకి ఎడమ పక్కన నిలబడకూడదు. డ్రైవరుకు అక్కడ సైకిలు కనబడదు, అది ఎడమకు తిరిగితే వెనక చక్రాలు లోపలికి వస్తాయి.

చున్నీ వెనక ముడి వేసుకోమనండి. సంచి క్యారియరు మీదే కట్టండి. ఆ రోజు నా హ్యాండిలును పక్కకు లాగింది సగం ఆ కొబ్బరికాయలే.